వ్యాను ఎవరు తోలాలి?

దుత్తలూరు దారులు చీలే ఊరు. ఉదయగిరికి పోయేవాళ్ళూ, పామూరుకు పోయేవాళ్ళూ, కావలి, ఆత్మకూరు వైపు దిగేవాళ్ళూ ఈ సెంటర్లో బస్సు దిగి, టీ తాగి, ఇంకో బస్సు ఎక్కుతారు. మెట్ట ప్రాంతం. వాన పడితే సేద్యం, మొహం చాటేస్తే ప్రయాణం. అందుకే ఇక్కడ దూరం పోవడం గురించి ఎవరు మాట్లాడినా వినేవాళ్ళకు ఒక అభిప్రాయం ఉంటుంది.

ఈ సంవాదంలో మామ నేషనల్ పర్మిట్ లారీ మీద వయసంతా గడిపి ఇంటికి చేరిన మనిషి. అల్లుడు బెంగుళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. అతని ఆలోచన ఇది: నలుగురు స్నేహితులు నాలుగు మోటారు సైకిళ్ళ మీద దుత్తలూరు నుంచి లద్దాఖ్ పోవాలి. వెనక ఒక టెంపో ట్రావెలర్. అందులో సీట్లు పీకేసి మంచాలు, స్టవ్వు, ఫ్రిజ్, చిన్న మరుగుదొడ్డి అమర్చుకోవాలి. ముగ్గురు భార్యలు, ఇద్దరు పిల్లలు అందులో వస్తారు. మామను అతను అడిగింది ఒక్కటే, వ్యానుకు నమ్మకమైన డ్రైవరును చూసిపెట్టమని. మామ డ్రైవరు సంగతి పక్కన పెట్టి అసలు ప్రయాణం మీదే పడ్డాడు. పక్కింటి అరుగు మీద ఉన్న నేను ఈ వాదనంతా విన్నాను. వీలైనంత వరకు నోరు మెదపలేదు.

మామ: రేయ్ అబ్బయా, మోటారు సైకిలెక్కేది గాలి తగలాలని. తడిస్తే తడవాలని. మరి వెనక ఇంటిని ఎందుకు ఈడ్చుకుపోతుండావు?

అల్లుడు: ఇల్లు కాదు మామా, భరోసా. బండి చెడిపోతే సామాన్లు వ్యానులో ఉంటాయి. ఒకడికి జ్వరం వస్తే పడుకోబెట్టొచ్చు. హోటలు దొరక్కపోతే వెతుక్కునే పని లేదు. ఎక్కడ బాగుంటే అక్కడ ఆపుకుంటాం, వండుకుంటాం, పడుకుంటాం. విదేశాల్లో అందరూ ఇట్లాగే పోతారు. మన దగ్గర ఇప్పుడిప్పుడే మొదలవుతుంది. కేరళ ప్రభుత్వం 2021లో దీనికోసం ప్రత్యేకంగా విధానమే తెచ్చింది.

మామ: కారవానా? షూటింగుల్లో హీరోలు కూర్చునేది అదే గదా.

అల్లుడు: అదే. కానీ హీరోలది ఒకచోట నిలబడి ఉంటుంది. మాది నడుస్తుంది.

మామ: నాదీ నడిచింది, ముప్పై ఏళ్ళు. క్యాబిన్లో నా వెనక ఒక పలక. దాని మీద దుప్పటి. అది మంచం. కింద చట్రానికి గొలుసులతో కట్టిన డ్రమ్ములో నీళ్ళు. పక్కన చెక్క పెట్టెలో కిరసనాయిలు స్టవ్వు, రెండు గిన్నెలు, బియ్యం, కందిపప్పు, ఎండు మిరపకాయలు. నాగపూరు దాటినాక మనకు అన్నం అంటే అన్నం దొరికేది కాదు, అన్నీ రొట్టెలే. లారీ నీడలో స్టవ్వు పెట్టి, గాలికి ఆరిపోకుండా గోనెపట్టా అడ్డం కట్టి వండుకునేవాళ్ళం. దాన్ని ఎవరూ టూరిజం అనలేదురా. డ్యూటీ అన్నారు.

అల్లుడు: నువ్వు లోడు దించాలని పోయావు. మేము చూడాలని పోతున్నాం. రెండూ ఒకటెట్లా అవుతాయి?

మామ: ఒకటి కాదు, నిజమే. గూడూరులో నిమ్మకాయలు ఎత్తితే ఢిల్లీ ఆజాద్‌పూర్ మండీ దాకా చక్రం ఆగకూడదు. ఆగితే కాయ పండుబారి మెత్తబడుద్ది, రేటు చచ్చిపోద్ది. తాజ్‌మహల్ పక్క నుంచి ఎన్నిసార్లు పోయానో. ఎప్పుడూ బండి ఆపలేదు. కానీ ఝాన్సీ దగ్గర ట్యూబుకు పాచీ వేసే ముసలాయన పిల్లలెంతమందో నాకు తెలుసు. నువ్వు తాజ్‌మహల్ చూస్తావు. ఆయన్ని చూడవు.

అల్లుడు: చూడకూడదని ఏముంది?

మామ: అవసరం లేదు గదా నీకు! పంక్చరైతే వ్యానులో కిట్టు. ఆకలైతే వ్యానులో స్టవ్వు. నిద్రొస్తే వ్యానులో మంచం. దారిలో ఎవుర్ని ఏమడుగుతావు? అడగనోడికి ఎవుడు చెప్తాడు?

ఇది గట్టి దెబ్బే. అల్లుడు వెంటనే తేరుకోలేదు. ఫోను తీసి ఏదో చూశాడు. నేననుకున్నది వేరు: మామ చెప్పిన సంగతి నిజమే అయినా, అవసరం పడి మాట కలపడం ఒక్కటే మాట కలపడం కాదు. తీరిక ఉన్నవాడికీ ఒక అవకాశం ఉంటుంది, వాడు దాన్ని వాడుకుంటే. అల్లుడు సరిగ్గా ఆ దారే పట్టాడు.

అల్లుడు: ఏనుగుల వీరాస్వామయ్య గారని ఒకాయన ఉండేవాడు మామా. మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటర్. 1830 మే 18న మద్రాసులో బయలుదేరి తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు మీదుగా కాశీ పోయాడు. 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చాడు. రావడం గంజాం నుంచి కోస్తా పొడుగునా మన నెల్లూరు మీదుగానే. వెంట వందమంది దాకా. డేరాలు, వంటసామాను, సవారీ, అన్నీ ఉన్నాయి. అంటే ఇల్లు కాదు, ఊరే కదిలింది. అయినా ఆయన కళ్ళు మూసుకుపోయాడా? ఏ మజిలీలో నీళ్ళు బాగుంటాయి, ఎక్కడ అంగళ్ళు ఉన్నాయి, ఏ నది ఎట్లా దాటాలి, ఎవరి పాలన ఎట్లా ఉంది, ప్రతీదీ రాసిపెట్టాడు. 1838లో అది పుస్తకంగా వచ్చింది. ఈనాటికీ తెలుగులో యాత్ర అంటే ముందు ఆ పుస్తకం పేరే చెప్తారు. డేరా వెంట ఉంటే లోకం కనపడదంటే నేనెట్లా ఒప్పుకుంటాను?

మామ: సవారీ అంటే?

అల్లుడు: పల్లకీ. బోయీలు మోస్తారు.

మామ: కాశీ దాకానా?

అల్లుడు: దాదాపు.

మామ: మోసినోళ్ళు ఏమన్నా రాశారా?

అల్లుడు: వాళ్ళెట్లా రాస్తారు మామా.

మామ: అదీ. ఇల్లు కదిలిందంటే దాన్ని ఎవుడో ఒకడు మోస్తుండాడని లెక్క. కూర్చున్నోడికి దేశం కనపడుద్ది, మోసేవాడికి ముందోడి మడమలు కనపడతాయి. నువ్వు నన్ను డ్రైవర్ని చూడమన్నావే, వాడికి ఏం కనపడుద్ది? మీ నాలుగు బండ్ల వెనక లైట్లు.

వాదన ఇక్కడ ఒక మలుపు తిరిగింది. అంతదాకా మోటారు సైకిలు గొప్పదా, వ్యాను గొప్పదా అన్నట్టు నడిచిన మాటలు వ్యాను తోలే మనిషి దగ్గరకొచ్చి ఆగాయి. అల్లుడు అమెరికా మీదుగా చుట్టు తిరిగి వచ్చాడు.

అల్లుడు: డాలస్‌లో నా క్లాస్‌మేట్ ఉన్నాడు, మన ఉదయగిరి వాడే. వేసవి సెలవుల్లో పెద్ద ఆర్‌వీ, అంటే ఇల్లులాంటి బండి, అద్దెకు తీసుకుని కుటుంబంతో యెల్లోస్టోన్ పోయొచ్చాడు. డ్రైవరు లేడు, వంటమనిషి లేడు. వాడే తోలాడు. క్యాంపు గ్రౌండులో కరెంటు తీగ తగిలించుకోవడం, నీళ్ళ గొట్టం పెట్టుకోవడం, మరుగుదొడ్డి ట్యాంకు ఖాళీ చెయ్యడం, అన్నీ వాడే.

మామ: ట్యాంకు వాడే ఖాళీ చేశాడా?

అల్లుడు: అక్కడ దానికోసం ఒక చోటు ఉంటుంది. చేతులకు గ్లోవ్స్ తొడుక్కుని లావుపాటి గొట్టం ట్యాంకుకు బిగించి, రెండో కొన భూమిలో ఉన్న రంధ్రంలో పెట్టి వాల్వు లాగుతారు. ముందు మురుగుది, తర్వాత స్నానం నీళ్ళది. ఆ సబ్బునీళ్ళతో గొట్టం కూడా కడిగినట్టవుతుంది. వరస తప్పకూడదు.

మామ: వాడిక్కడున్నప్పుడు తిన్న కంచం తీసినోడు కాదు.

అల్లుడు: మరి! దేశం మారితే మనిషి మారాడు.

మామ: సరే, ఆ చోటు ఈడ యాడుంది? మహబూబ్‌నగర్‌లో ఉందా, ఆదిలాబాదులో ఉందా? నీ ట్యాంకు నిండినాక ఏ వాగులో వదుల్తావు?

అల్లుడు: వాగులో ఎందుకు వదుల్తాం! పెట్రోలు బంకుల్లో మరుగుదొడ్లు ఉన్నాయి. పగలు అవే వాడతాం. వ్యానులోది రాత్రి అవసరానికి మాత్రమే. పెట్టెలాగా బయటికి తీసుకునే రకం ఉంటుంది, దాన్ని తీసుకుపోయి బంకులో పోసి కడుక్కురావచ్చు.

మామ: ఎవుడు తీసుకుపోతాడు?

అల్లుడు జవాబు చెప్పలేదు. మామ కూడా ఒత్తిడి చెయ్యలేదు. అప్పటికే ఆయన మనసు ఇంకోవైపు పోయింది. నర్రవాడ తిరునాళ్ళ గుర్తుకొచ్చినట్టుంది. దుత్తలూరు మండలంలోనే ఉన్న నర్రవాడలో వెంగమాంబ పేరంటాలు గుడి ఉంది. జ్యేష్ఠ మాసంలో తిరునాళ్ళ జరుగుతుంది. బస్సులు సరిగా లేని రోజుల్లో చుట్టుపక్కల పల్లెల వాళ్ళు గూడుబండ్లు కట్టుకుని వచ్చేవాళ్ళు. బండి మీద వెదురు గూడు, లోపల గడ్డి పరిచి దాని మీద జంపఖానా, వెనక వంటపాత్రలు, అడుగున ఎద్దులకు మేత. రాత్రి ఆడవాళ్ళు, పిల్లలు గూట్లో పడుకుంటే మగవాళ్ళు బండి కింద పడుకునేవాళ్ళు. మామ ఆ బండ్ల మాట ఎత్తగానే అల్లుడు వదల్లేదు.

అల్లుడు: గూడుబండి కారవాన్ కాదా మామా? మనం కొత్తగా నేర్చుకునేదేముంది? ఎన్టీ రామారావు 1982లో పార్టీ పెట్టి రాష్ట్రమంతా తిరిగింది దేని మీద? పాత షెవర్లే వ్యాను. చైతన్యరథం. దాంట్లోనే నిద్ర, రోడ్డు పక్కనే స్నానం, పైకెక్కితే అదే వేదిక. 1983 జనవరిలో ముఖ్యమంత్రి అయ్యేదాకా అదే ఆయన ఇల్లు.

మామ: తోలింది ఎవరు?

అల్లుడు: హరికృష్ణ. కొడుకే.

మామ: పైన నిలబడినాయన పేరు లోకానికంతా తెలుసు. తోలినాయన ఆ నెలలన్నీ అద్దంలోంచి జనాన్ని తప్పించుకుంటా పోవడమే చూసుంటాడు. జనం రథానికి అడ్డం పడతా ఉంటే క్లచ్చు మీద కాలు పెట్టి అంగుళం అంగుళం నడపడం ఎంత కష్టమో నీకు తెలవదు. చివరికి ఆయన పోయింది కూడా రోడ్డు మీదే. 2018 ఆగస్టు 29. తెల్లారి, నల్లగొండ జిల్లాలో. మన నెల్లూరు జిల్లాకే పెళ్ళికి వస్తా. ఆ రోజూ స్టీరింగు ఆయన చేతిలోనే. బెల్టు పెట్టుకోలేదన్నారు. అంత తోలిన మనిషి.

కాసేపు ఇద్దరూ మాట్లాడలేదు. ఈ జిల్లాలో డ్రైవర్లకు ఆ వార్త పత్రికలో చదివిన వార్తలాగా ఉండదు. అద్దంకి మీదుగా హైదరాబాదు పోయే ఆ రహదారి వాళ్ళకు ఇంటి దారి.

అల్లుడు: అందుకే వ్యాను అంటున్నాను. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారు. అందులో దాదాపు 45 శాతం ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్ళే. బండి మీద పోయేవాడికి వెనక ఒక వ్యాను, అందులో మందులు, స్ట్రెచరు ఉంటే తప్పా?

మామ: తప్పు కాదు. కానీ వ్యాను ఉందనే ధైర్యంతో రాత్రిపూట తోల్తే తప్పు. రెండు నుంచి అయిదు దాకా నిద్ర మనిషిని అడగకుండా వస్తుంది. కళ్ళు తెరుచుకునే ఉంటాయి, మనిషి ఉండడు. ఆ మూడు గంటలు నేను లారీని పక్కకు తీసి పడుకునేవాణ్ణి. రేటు పడిపోతే పడిపోనీ. ఇంకోటి. ముందు పోయేవాడు వెనకోడి లైటు అద్దంలో కనపడకపోతే ఆగాలి. మలుపు దగ్గర తప్పనిసరిగా ఆగాలి. మన గొర్రెలోళ్ళు ఎండాకాలంలో పల్లపు చేలల్లో మంద కట్టడానికి తోలుకుపోతారు చూడు, మంద నడక పొట్టేలుది కాదు, కుంటే గొర్రెపిల్లది. మీ నలుగురిలో బాగా నిదానంగా తోలేది ఎవుడు?

అల్లుడు: నేనే.

మామ: అయితే నువ్వు ముందుండు.

అల్లుడు నవ్వాడు. తర్వాత బండి గురించి మామ అడిగిన ప్రశ్నలకు వరసగా జవాబులు చెప్పాడు. హిమాలయన్, పాత మోడలు. ట్యూబు టైర్లు కాబట్టి పంక్చరైతే చక్రం ఊడదీయాల్సిందే. కొత్త క్లచ్చు కేబులును పాతదాని పక్కనే ముందే లాగి కట్టి ఉంచుతాడు, తెగితే రెండు కొనలూ మార్చి తగిలిస్తే చాలు. ఈ చిట్కాకు మామ తల ఊపాడు, అంతకంటే పెద్ద మెప్పు ఆయన దగ్గర దొరకదు. ఈ బండ్లు చేసే బుల్లెట్ కంపెనీ 1955 నుంచి మద్రాసులోనే ఉందనీ, మనకు ఇంటిపక్క బండి కిందే లెక్కనీ ఆయన వాదన. కానీ దారి మాట వచ్చేసరికి మళ్ళీ గొంతు లేచింది.

అల్లుడు: మనాలీ మీదుగా ఎక్కుతాం. 2020లో అటల్ సొరంగం వచ్చినాక రోహ్‌తంగ్ కనుమ కష్టం లేదు. సర్చూ దగ్గర పెద్ద మైదానం, చుట్టూ కొండలు. వ్యాను ఆపుకుని ఆడ రాత్రి ఉంటాం. హోటళ్ళ బాధ లేకుండా.

మామ: ఎంత ఎత్తు?

అల్లుడు: 14,000 అడుగులు ఉంటుంది.

మామ: మన ఉదయగిరి దుర్గం ఎంత?

అల్లుడు: మూడు వేలు దాటి కాస్త.

మామ: దుర్గం ఎక్కి దిగితేనే నీకు పిక్కలు పట్టుకుంటాయి. అట్టాంటివి నాలుగున్నర ఒకదాని మీద ఒకటి పెట్టి, ఆ కొన మీద పిల్లల్ని పడుకోబెడతావా?

మామ లేహ్ ఎప్పుడూ పోలేదు. జమ్మూ దాకా పోయాడంతే. కానీ సైన్యంలో పనిచేసి వచ్చిన వాళ్ళ దగ్గర విన్నాడు. ఈ విషయంలో ఆయన మాట నూటికి నూరుపాళ్ళు సరైనదని నాకు తెలుసు. ఎనిమిది వేల అడుగులు దాటాక గాలిలో ఆక్సిజన్ ఒత్తిడి తగ్గడం శరీరానికి తెలుస్తుంది. తలనొప్పి, వాంతులు, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. ముదిరితే ఊపిరితిత్తుల్లోనో మెదడులోనో నీరు చేరి ప్రాణం మీదికి వస్తుంది. పగలు ఇంకొంత ఎత్తుకు ఎక్కి దిగొచ్చు, రాత్రి పడుకునే ఎత్తును మాత్రం మెల్లగా పెంచుకోవాలి. శ్రీనగర్ వైపు నుంచి పోతే జోజిలా కనుమ పదకొండున్నర వేల అడుగులు ఉన్నా, దాటి కిందికి దిగి 8,800 అడుగుల దగ్గర కార్గిల్‌లో పడుకోవచ్చు. మర్నాడు పదమూడున్నర వేల అడుగుల ఫోటూలా ఎక్కి దిగి, పదకొండున్నర వేల అడుగుల్లో ఉన్న లేహ్ చేరొచ్చు. అక్కడ రెండు రోజులు ఊరికే కూర్చోవాలి. మనాలీ వైపు ఈ మెట్లు లేవు. అందుకే చాలామంది శ్రీనగర్ మీదుగా ఎక్కి మనాలీ మీదుగా దిగుతారు. ఈ మాట నేను అరుగు మీద నుంచే చెప్పాను.

మామ: విన్నావా? హోటలే దిక్కు అయినోడు ఊరున్న చోట ఆగుతాడు. ఊర్లు ఊరికే వెలవలేదు, నీళ్ళున్న చోట, మనిషి బతికే ఎత్తులో వెలిశాయి. మంచం వెంట ఉన్నోడు యాడంటే ఆడ ఆగుతాడు. అదే చిక్కు.

అల్లుడు: సరే, శ్రీనగర్ మీదుగానే. ఒప్పుకున్నాను. కానీ దీనివల్ల వ్యాను తప్పని తేలలేదు, నా దారి తప్పని తేలింది.

నిజమే. నిజాయితీగా చెప్పాలంటే అప్పటికి పాయింట్లన్నీ సమానంగానే ఉన్నాయి. అల్లుడి అత్త అంతవరకు వాకిట్లో చింతపండు గింజలు తీస్తూ ఉంది. చేటలోంచి తల ఎత్తకుండానే అడిగింది.

అత్త: అబ్బయా, ఆ వ్యానులో స్టవ్వు పెడతావన్నావు గదా. ఎవరు వండుతారు?

అల్లుడు: అందరం కలిసి అత్తా.

అత్త: పగలంతా మీరు నలుగురూ బండ్ల మీద. సాయంత్రం అయిదింటికి దిగి, హెల్మెట్ తీసి, నడుం పట్టుకుని కుర్చీలో కూలబడతారు. ఫొటోలు తీసుకుంటారు. పగలంతా వ్యానులో కూర్చుని వచ్చినోళ్ళు అలిసిపోలేదని లెక్క. వాళ్ళే స్టవ్వు వెలిగిస్తారు. తొమ్మండుగురికి. ఇంటికాడ అయితే కనీసం గట్టు ఉంటుంది, కుళాయి ఉంటుంది.

అల్లుడు: వాళ్ళే వస్తామన్నారు అత్తా.

అత్త: లద్దాఖ్ వస్తామన్నారు. వంటకు వస్తామన్నారా?

మామ: నేను చెప్పేది అదేనే! ఇల్లు వెంట పోతే...

అత్త: నువ్వుండు. గోనెపట్టా అడ్డం కట్టుకుని వండుకున్నాం అని ఇందాక చెప్తుండావే, ఎవుడు వండాడు? నువ్వా? క్లీనరు పిల్లోడు. బియ్యం కడిగింది వాడు, గిన్నెలు తోమింది వాడు, నువ్వు పలక మీద పడుకుంటే లారీ కింద పడుకుంది వాడు. ఝాన్సీ ముసలాయన పిల్లల లెక్క చెప్తావు. ఆ క్లీనరు పిల్లోడిది ఏ ఊరు?

మామ ఆలోచించాడు. వింజమూరు దగ్గరని అన్నాడు. ఊరి పేరు నోటికి రాలేదు.

ఈ అరగంట వాదనలో నాకు గుర్తుండిపోయింది ఈ ఘట్టమే. బోయీల గురించి అంత చురుగ్గా అడిగిన మనిషి తన క్యాబిన్లోని బోయీని మరిచిపోయాడు. దారి మీద తోడు అంటే మనం చెప్పుకునే కథల్లో ఎప్పుడూ సమానులే ఉంటారు: నలుగురు స్నేహితులు, నాలుగు బండ్లు. అయిదోవాడు తోలుతూనో, వండుతూనో, కడుగుతూనో కథ అంచున ఉంటాడు, లేదా ఉంటుంది. అమెరికా ఆర్‌వీలో నాకు నచ్చేది అదే. ఆ బండి విశాలమనీ ఫ్రిజ్ ఉందనీ కాదు, అక్కడ అయిదోవాణ్ణి పెట్టుకునే స్తోమత మధ్యతరగతికి లేదు కాబట్టి గొట్టం ఎవరి చేతికి వాళ్ళకు వచ్చింది. మనం ఆ బండిని మాత్రం దిగుమతి చేసుకుని, దానికొక డ్రైవరునూ ఇద్దరు వంటవాళ్ళనూ కలుపుకుంటే వీరాస్వామయ్య కాలానికే పోయినట్టు. ఆయనలాగా రాయగలిగితే అది వేరే సంగతి.

అల్లుడు: అయితే ఏం చెయ్యమంటారు? ఆడవాళ్ళను వదిలేసి పోతే అదొక తప్పు, తీసుకుపోతే ఇదొక తప్పు.

అత్త: వెనక కూర్చోబెట్టి తీసుకుపోవడం ఏందని అడుగుతుండా. నీ పెళ్ళాం బెంగుళూరులో కారు తోల్తుంది గదా?

అల్లుడు: తోలుతుంది. కానీ ఇది టెంపో ట్రావెలర్.

మామ: దానికి పెద్ద లైసెన్సు అక్కర్లా. ఏడున్నర టన్నుల లోపు బండికి కారు లైసెన్సు చాలు. 2024 నవంబరులో సుప్రీంకోర్టు కూడా అదే తేల్చింది. మా డ్రైవర్లందరం ఆ కేసు ఏమవుద్దా అని చూసినోళ్ళమే. నువ్వు చూసుకోవాల్సింది వేరే ఉంది. సీట్లు పీకి మంచాలు వేస్తే ఆర్‌సీలో మార్చాలి. మోటారు వాహనాల చట్టం సెక్షను 52. ఆర్టీవో ఒప్పుకోకుండా మారిస్తే దారి పొడుగునా ప్రతి చెక్‌పోస్టులో వాళ్ళకు నువ్వే తిరునాళ్ళ. రేపు యాక్సిడెంటు అయితే ఇన్సూరెన్సోడు చేతులెత్తేస్తాడు. సొంతానికి వాడుకునే క్యాంపర్ వ్యానుగానే రిజిస్టరు చేయించు.

అల్లుడు: అది చేయిస్తాను. కానీ కొండ రోడ్డు మీద...

అత్త: ఆమధ్య నలుగురు ఆడోళ్ళు మోటారు సైకిళ్ళ మీద ఏదో దేశం పోయొచ్చారని టీవీలో చూపించారే?

ఆమె చెప్పింది 2018 నాటి సంగతి. జయభారతి, పియా బహదూర్, శాంతి, శిల్పా బాలకృష్ణన్ హైదరాబాదు నుంచి మయన్మార్, థాయ్‌లాండ్, లావోస్, కంబోడియా, వియత్నాం తిరిగారు. మన దేశంతో కలిపి ఆరు దేశాలు, 17,000 కిలోమీటర్లు. జయభారతి ఆ తర్వాత ఆడవాళ్ళకు బండి నేర్పించి, తోలడాన్నే వాళ్ళకు ఉపాధిగా మార్చే పని పెట్టుకుంది. పియా బహదూర్ ఆ ప్రయాణం మీద ఇంగ్లీషులో పుస్తకం రాసింది. సరిహద్దు కాగితాలు, చెడిన రోడ్లు, నలుగురు నాలుగు రకాల మనుషులు అన్ని రోజులు ఒకే దారిలో పడి ఉండటంలో వచ్చే చికాకులు, ఇవే అసలు ప్రయాణం. అల్లుడికి ఈ కథ తెలుసు. తెలిసీ తన జాబితాలో నలుగురు మగవాళ్ళనే రాసుకున్నాడు. అది దుర్మార్గం కాదు, అలవాటు.

అల్లుడు: మా వాళ్ళలో ఒకావిడ కాలేజీలో బుల్లెట్ తోలేది.

అత్త: ఇప్పుడు?

అల్లుడు: ఇప్పుడు వాళ్ళాయన తోలుతున్నాడు.

మామ: అయితే వంతులు వేసుకోండి. తోలడం వచ్చినోళ్ళు ఎంతమంది?

అల్లుడు: కారు అయితే ఏడుగురం. మోటారు సైకిలు అయిదుగురం.

మామ: రోజుకొకరు వ్యాను. ఆ రోజు వాడి బండి ఆ అమ్మాయి తోల్తుంది. వ్యాను తోలినోళ్ళకు ఆ రాత్రి వంట లేదు. మరుగుదొడ్డి పెట్టె మాత్రం ఆ రోజు మోటారు సైకిలు ఎక్కినోళ్ళలో ఒకరు మోయాలి. డ్రైవరు అక్కర్లా. నన్నడిగితే నేనూ రాను, ముందే చెప్తుండా.

అల్లుడు: నిన్ను అడగలేదు మామా.

మామ: అడుగుతావేమోనని.

అడిగితే బాగుండునని ఆయన మొహంలో ఉంది. ఆ మాట పైకి అనడం నాకెందుకు.

బయలుదేరే తేదీ దగ్గర ఇంకాసేపు నడిచింది. నర్రవాడ తిరునాళ్ళ అయినాక, కొత్త వ్యానుకు అమ్మవారి దగ్గర పూజ చేయించాకనే కదలాలని మామ పట్టు. అప్పటికి జోజిలాలో మంచు కూడా తీసేసి ఉంటారు కాబట్టి అల్లుడు ఊరుకున్నాడు. హైదరాబాదు దాకా కనిగిరి, మాచర్ల, నాగార్జునసాగర్ మీదుగా పోదామని అతను, పోరుమామిళ్ళ, మైదుకూరు మీదుగా కర్నూలుకు ఎక్కి ఏడో నంబరు రోడ్డు పట్టుకోమని ఈయన. ఆ రోడ్డుకు 44 అని నంబరు మార్చి ఏళ్ళు గడిచినా లారీ వాళ్ళకు అది ఏడో నంబరే. ఇది తేలలేదు.

అల్లుడు అక్కడే నిలబడి స్నేహితుడికి ఫోను చేశాడు. వంతుల సంగతి చెప్పాడు. అవతలి మనిషి గొంతు మాకూ వినబడుతూనే ఉంది. హైదరాబాదులో డ్రైవరు దొరుకుతాడు, రోజుకు ఇంతని ఇచ్చేస్తే పోయేదానికి ఇదంతా ఎందుకని అతను. ఇంకో మాట కూడా అడిగాడు: జోజిలా రోజు వ్యాను ఎవరికి?

అల్లుడు: చీటీ తీద్దాం. ఎవరికొస్తే వాళ్ళకు.

అవతల గొణుగుడు. తన భార్యకు కొండ రోడ్డు భయమనీ, బుల్లెట్ మానేసి చాలా కాలమైందనీ.

అత్త: అది వాళ్ళాయన మాట. ఆ అమ్మాయి నంబరుందా నీ దగ్గర?

అల్లుడి దగ్గర లేదు. స్నేహితుల భార్యల్లో ఎవరి నంబరూ లేదు. తన భార్య దగ్గర ఉంటాయన్నాడు.

అత్త: అయితే ఫోను దానికియ్యి.